మడుగులో కలిసిన నొప్పి మాత్రలు

“ఇంగ మడుగులో ఎయ్యం సారూ, మా యమ్మ మీదొట్టు” అని మా బావ మాటిచ్చి ముప్పై ఏళ్లు దాటింది. వారం తిరక్కుండానే తప్పాడు. ఆ మాట నమ్మిన మా సైన్సు సారు మొన్న మంగళవారం ప్రొద్దుటూరులో చనిపోయారు.

జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున మా ఊరు. పార్టీల పేరుతో నరుక్కునే రోజులవి. మా బావ ఒక పార్టీకి పెద్ద. దెబ్బ తిన్నవాడు ఆస్పత్రికి పోతే కేసవుతుందని ఇళ్లలోనే దాచేవాళ్లు. బావ ఇంట్లో నొప్పి మాత్రలు పెట్టెలకొద్దీ ఉండేవి. పోలీసు జీపు వస్తోందంటే ఆడవాళ్లు వాటిని ఒడిలో పోసుకుపోయి ఊరి పక్కన పెన్న మడుగులో విదిలించేవాళ్లు.

ఆ మాత్రలు చేపల్ని ఏం చేస్తాయో చూడాలని సారు రెండు గాజు సీసాల్లో చేపపిల్లల్ని పెంచారు. ఒకదాంట్లో ఉత్త బావినీళ్లు, రెండోదాంట్లో మాత్రల పొడి కలిపిన నీళ్లు. రెండోదాంట్లోవి మేత ముట్టలేదు, మొప్పలు పాలిపోయాయి. ఆ సీసా చంకన పెట్టుకొని బావ అరుగు దగ్గరికొచ్చారు.

“ఏంది సారూ, చేపలకు గూడా ఒళ్లునొప్పులు తగ్గుతాండాయా?” అన్నాడు బావ. అరుగంతా నవ్వింది. నేనూ నవ్వాను.

“నొప్పి తగ్గేది నీకప్పా, కిడ్నీ పొయ్యేది దానికి. మడుగులోనూ ఇట్లే జరుగుతాందో లేదో నాకు తెలీదు. నీళ్లు పరీక్షకు పంపాల. అర్జీ మీద సంతకం పెట్టు.”

నీళ్లలో మందు దొరికితే గాయపడినవాళ్లు యాడుండారని పోలీసులు అడుగుతారు. అందుకే బావ సంతకం పెట్టకుండా ఒట్టు పెట్టాడు. ఆ శుక్రవారమే జీపొచ్చింది, పెట్టెలన్నీ మడుగులోకే పోయాయి. సారు ఒంటరిగా అర్జీ పంపారు. నెలలోపు ఆయన్ను పులివెందుల అవతల లింగాలకు మార్చారు. మార్పించింది తనేనని బావ మా ఇంట్లో అన్నం తింటూ చెప్పాడు.

రిటైరయ్యాక సారు ప్రొద్దుటూరులో ఉన్నారు. మోకాళ్లు వాచినా ఉప్పు కాపడంతోనే సరిపెట్టుకునేవారు. “మాత్ర మింగితే కొంత నాకు, మిగతాది ఉచ్చతో కాలవకు. నా నొప్పి పెన్నకెందుకప్పా?” అనేవారు. నేను వెళ్లినప్పుడల్లా ఒకటే ప్రశ్న: “మడుగు నీళ్లు ఎవురన్నా పరీక్ష చేసినారా?” ఆయన సీసాలో చూపించినదాన్నే ఇప్పుడు పెద్ద పెద్ద పత్రికల్లో చదువుతున్నాను. ఆనాడు నాతోపాటు నవ్వినవాళ్లెవరూ పత్రికలు చదవరు.

అంత్యక్రియలకు బావ పార్టీ కండువాతో వచ్చాడు. సారు తనకు ప్రాణమిత్రుడని మైకులో చెప్పాడు.

మడుగులో ఇప్పుడు చేపల్లేవు. కరువు చంపిందా, ఇసుక తవ్వకమా, మాత్రలా, చెప్పగలిగేది ఆ పరీక్ష కాగితమొక్కటే. అది రాకుండా చేసింది పోలీసులు కాదు, ఎదుటి పార్టీ కాదు. మా అక్క మొగుడు.