చాటు కోసం పీకిన కర్రలు

నా పై పెదవి మీద కుట్లు వేసిన మచ్చ ఒకటి ఉంది. అడిగినవాళ్లకు మెట్ల మీద జారిపడ్డానని చెబుతాను. అది అబద్ధం. పెన్న ఒడ్డున చేపలు వేయించి అమ్మే ఒకావిడ నన్ను కర్రతో కొట్టింది. కొట్టాల్సిందే కూడా.

మాది అల్లూరు దగ్గర వరి పండించుకునే కుటుంబం. పోయిన వేసవిలో ఒక ఆదివారం అన్నయ్య, నేను, చెల్లెలు పెన్నలో ఈతకు వెళ్లాం. మాలో ఒక్కరికీ ఈత రాదు. నడుం లోతులో మునిగి లేవడాన్నే ఈత అనుకునే గొప్పవాళ్లం.

తడిబట్టలు మార్చుకోవడానికి నాకూ చెల్లెలికీ చాటు కావాలి కదా. చీర తెచ్చుకున్నాం, కట్టడానికి ఆధారం లేదు. నీళ్లలో నాలుగు సరుగుడు కర్రలు వరసగా కనిపించాయి, కొసలకు ఎర్రగుడ్డ పేలికలతో. మా నారుమడిలో కొంగలను బెదరగొట్టడానికి అచ్చం అలాంటివే పాతుతాం. ఇవీ పిట్టల కోసమే అనుకుని, దిగి నాలుగూ పీకేశాను. ఒడ్డున అంతమంది ఉన్నారు, ఒక్కరినైనా అడగలేదు. అడిగితే నా సొమ్మేం పోయేదో!

ఒడ్డున చాటు కట్టి చూసేసరికి, అప్పటిదాకా కర్రలున్న చోట నీళ్లలో ఆడుతున్న చెల్లెలు కనిపించలేదు. కావాలనే మునిగిందనుకున్నాను. ఇంతలో ఒక చెయ్యి పైకి లేచి మునిగిపోయింది.

అన్నయ్య నీళ్లలోకి ఉరికాడు. చేపలావిడ పొయ్యి దగ్గర నుంచి వచ్చి, అతన్ని చొక్కా పట్టి ఇసుకలో పడేసింది. తేలడానికి ఖాళీ డబ్బా ఒకటి చంకన పెట్టుకుని తనే దూకింది. డబ్బా అందిస్తే చెల్లెలు దాన్ని వదిలేసి ఆవిడ మెడ పట్టుకుంది. ఇద్దరూ మునిగారు. తేలగానే ఆవిడ చెల్లెలి ముఖం మీద పిడికిలితో గుద్దింది. మళ్లీ గుద్దింది. ముక్కులోంచి నెత్తురు కారింది, పట్టు సడలింది. అప్పుడు జడ చేతికి చుట్టుకుని ఒడ్డుకు ఈడ్చుకొచ్చింది.

చెల్లెలికి ఊపిరి లేదు. ఆవిడ దాని గుండెల మీద రెండు చేతులూ పెట్టి బలంగా నొక్కుతుంటే లోపల ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. చంపేస్తున్నావని ఆవిడ వీపు మీద బాదాను. ఆవిడ తిరిగి కూడా చూడలేదు. చివరికి చెల్లెలు నీళ్లు కక్కి ఏడ్చింది.

ఆవిడ లేచి మా చాటు వైపు చూసింది.

"ఎవురు పీకింది?"

"నేనే అక్కా."

ఒక కర్ర లాగి నా మూతి మీద కొట్టింది. అన్నయ్య ఆవిడ మీదికి చెయ్యెత్తాడు. నేను అతన్ని రెండు చేతులా వెనక్కి నెట్టాను.

"ఆ కర్రల అవతల ఇసుక తవ్వి వదిలేసిన గుంత. రెండు నిలువుల లోతు. పోయినేడు ఇద్దరు బిడ్డల్ని ఆడ్నించి నేనే తీసినాను. ఇద్దరూ బతకలా."

వల తాడు తెచ్చి నా నడుముకు బిగించి, రెండో కొస తన చేతికి చుట్టుకుంది. కర్రలు నాలుగూ నా మీదికి విసిరింది.

"పో. యాడ పీకినావో ఆడనే నాటు."

నోట్లో నెత్తురు ఉప్పగా తగులుతుంటే దిగాను. నాట్లు వేసిన చేతులతోనే కర్రలు ఒక్కొక్కటిగా పాతాను. నాలుగోది పాతి, కుడికాలు కొంచెం ముందుకు జాపాను. కింద నేల లేదు.