అద్దం లోపలి కుంకుమ

మా అమ్మ అల్లిన వల మీద చెయ్యి వేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. "ఈడు ఒట్టేసినాడంటే అబద్దం మొదలెట్టినాడన్నమాటే" అనేది మా పిన్ని. అయినా ఒట్టు ఒట్టే.

మావాళ్ళు శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో గుడిసెలు వేసుకున్న కొత్త రోజులవి. నేను మిడిల్ పాయింట్ దగ్గర ఒక చిన్న మ్యూజియంలో అటెండరుని. పాత కంచు విగ్రహాలు, నికోబారీల చెక్క బొమ్మలు, మెయిన్‌లాండ్ నుంచి తెచ్చిన రాతి దేవతలు, అన్నిటికీ దుమ్ము దులపడం నా పని.

ఒకరోజు చిన్నాన్న వలలో మూరెడు రాతి బొమ్మ పడింది. ముక్కు అరిగిపోయింది, కళ్ళు మాత్రం ఉన్నాయి. వలలో దేవత పడితే పసుపు కుంకుమ పెట్టి మళ్ళీ గంగమ్మకే ఇచ్చెయ్యడం మావాళ్ళ ఆచారం. చిన్నాన్న ఇవ్వలేదు. చాలా పాతకాలపుదని మా ఆఫీసరు బతిమాలితే మ్యూజియానికి ఇచ్చాడు. ఆఫీసరు దాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే ఉంచుకున్నాడు.

ఆ తర్వాత చిన్నాన్న వలకి చేప పడలేదు. ఇక దూరం పోతానన్నాడు. పోయే రోజు పొద్దున్నే పిన్ని వచ్చింది, చెప్పులు మ్యూజియం మెట్ల కింద విడిచి, కొంగులో కుంకుమ పొట్లంతో.

"బీరువా తలుపు తియ్యరా. బొట్టెట్టి పోతాను. మీ చిన్నాన్న పడవెక్కీసినాడు."

"తాళం సాబ్ దగ్గరుంది పిన్నీ."

"దీదీ, ఛూనా మనా హై," అన్నాడు వెనక నుంచి ఆఫీసరు.

"నానేటీ ముట్టుకోను భయ్యా. ఆయమ్మే ముట్టుకుంటాది," అంది పిన్ని. అద్దం మీదే, సరిగ్గా బొమ్మ నుదుటికి ఎదురుగా, బొట్టు పెట్టి వెళ్ళిపోయింది.

ఆఫీసరు తుడవమన్నాడు. తుడిచాను. గుడ్డ ఎర్రబడింది, బొట్టు పోలేదు. గోటితో గీరాను. అప్పుడు తెలిసింది, ఆ ఎరుపు అద్దానికి లోపలి వైపు ఉంది. ఆఫీసరు తాళంచెవి బయటికి తీశాడు గానీ బీరువా తెరవలేదు. బయట గాలి ఆగిపోయింది. సిప్పీఘాట్ వైపు ఆకాశం నల్లబడుతోంది.

గాలివాన వెలిశాక చిన్నాన్న పడవ తిరిగొచ్చింది, తెరచాప చిరిగి, చేప లేకుండా. దిగీ దిగగానే ఆకలేస్తోందన్నాడు.

ఒట్టు వేశాను కాబట్టి చెప్పాలి. నేను అల్లింది ఆ తిరిగి రావడమే. పిన్ని రోజూ మ్యూజియం మెట్ల దగ్గరికొచ్చి "ఏటైనా తెలిసిందేట్రా" అని అడిగేది. ఏదో దీవిలో తెరచాప కుట్టుకుంటున్నాడట అనేవాణ్ణి. నా మాట ఏదీ నమ్మని మనిషి, ఆ ఒక్కటీ నమ్మి, ఇంటికెళ్ళి ఆయనకీ కంచం పెట్టేది.

అద్దం లోపలి ఎరుపు మాత్రం నేను అల్లింది కాదు. దాన్ని ఇప్పటికీ ఎవరూ తుడవలేదు.