నాగపూర్ దాటని కుట్టుమిషను

ఢిల్లీలో ఒక కంపెనీని నేను ఒకే ఒక్క ఉత్తరంతో వణికించాను. రాని సరుకుకు కట్టిన డబ్బు పైసాతో సహా వాళ్లే మనియార్డరు చేసి, వరంగల్‌లో మా ఇంటి గుమ్మం ముందు నా చేతిలో పెట్టించారు. పోస్టులో పోయిన డబ్బును వెనక్కి రప్పించిన మగాడు ఆ కాలంలో మా వాడ మొత్తంలో నేనొక్కడినే. ఈ మాట పెళ్లిళ్లలో చెప్పాను, దినాలలో చెప్పాను, గడ్డం గీయించుకుంటూ కూడా చెప్పాను. ఆ పేరు ఎంత దూరం పోయిందంటే, ఇప్పుడు సెల్‌ఫోన్‌లో కొన్న చెప్పులు రాలేదని పిల్లలు నా దగ్గరికి సలహాకు వస్తారు. కంపెనీకి గట్టిగా రాయండి, మన దెబ్బ తెలియాలి అని చెప్పి పంపిస్తాను.

ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను గనుక కొంత తగ్గించాలి. నోటిమాట గాలికి పోతుంది. కాగితం మీది మాటను మా ఇంటావిడ చదువుతుంది.

డెబ్భైలలో నేను ఒక కిరాణా టోకు దుకాణంలో గుమాస్తాను. ఊళ్ల మీద వ్యాపారులకు ఉత్తరాలు రాయడం నా పని. మా సేటు దగ్గర ఉత్తరానికి ఒక పద్ధతి ఉండేది. మిరపకాయలకైనా కందిపప్పుకైనా ముందు క్షేమం అడగాలి. తర్వాత వానల సంగతి. తర్వాత ఇంట్లో పెద్దల ఆరోగ్యం. చివర్న, అప్పుడే గుర్తుకొచ్చినట్టు, సరుకు మాట. మొదటి వరుసలోనే సరుకు అడిగితే అది ఉత్తరం కాదు, తగాదా అనేవాడు ఆయన. పదేళ్లలో ఆ పద్ధతి నా వేళ్లకు పట్టేసింది.

మా ఇంటావిడ మట్టెవాడలోని మా రెండు గదుల ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్ కుట్టేది, జాకెట్లకు కాజాలు తీసేది, అంతా చేత్తోనే. మూడేళ్లు వేళ్లు పొడుచుకుని, ఒక కుట్టుమిషనుకు సరిపడా డబ్బు కూడబెట్టింది. స్టేషన్ రోడ్డులో ఒక దుకాణంలో మిషను చూసి, చక్రం తిప్పి, మాట కూడా ఇచ్చి వచ్చింది. వచ్చే బతుకమ్మ పండుగకు జాకెట్లు కుట్టి ఇస్తానని వాడలో ఆడవాళ్లకు చెప్పింది. వాళ్లు అప్పుడే బట్ట ముక్కలు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. ఇక వెళ్లి తెచ్చుకోవడమే. అక్కడ నేను అడ్డం పడ్డాను.

వారపత్రికలో ఒక ప్రకటన చూశాను. ఢిల్లీ నుంచి మిషను నేరుగా రైల్లో వస్తుంది, స్టేషన్ రోడ్డు ధర కన్నా తక్కువ. సగం డబ్బు ముందు పంపి, మిగతాది సరుకు అందాక కట్టవచ్చు. మొత్తం ముందే పంపినవాళ్లకు మాత్రం కత్తెర ఉచితం. ఆ కత్తెర నన్ను పడేసింది. సగం పంపుదామని ఆమె అన్నది. వ్యాపారం నీకేం తెలుసు అన్నాను నేను. జూన్ నెలలో, వానలు ఆలస్యమైన రోజుల్లో, మొత్తం డబ్బు మనియార్డరు చేసి వచ్చాను. ఫారం చివర కూపన్ అని ఒక చిన్న ముక్క ఉంటుంది. డబ్బు అందుకునేవాళ్లకు పోస్ట్‌మన్ దాన్నే చించి ఇస్తాడు. దాని మీద సందేశం రాయమన్నారు, రాశాను, ఇంగ్లీషులో. నా దస్తూరి చూసి కౌంటరులోని గుమాస్తా మెచ్చుకున్నాడు. రసీదు తెచ్చి ఇస్తే ఆమె సూదుల డబ్బాలో పెట్టుకుంది.

నెల గడిచింది. మిషను రాలేదు. అప్పటి నుంచి నేను దాన్ని నా నోటితోనే రైల్లో నడిపించాను. మొదట ఝాన్సీ అన్నాను. తర్వాత ఇటార్సీ. ఆ తర్వాత నాగపూర్. మా సేటు సరుకు ఆ దారినే వచ్చేది గనుక స్టేషన్ల పేర్లకు నాకు కొరత లేదు.

"ఇయ్యాల యాడిదాక వచ్చింది?" అని అడిగింది ఒక రోజు, బియ్యం ఏరుతూ.

"నాగపూర్."

"పోయిన వారం గూడ నాగపూరే అంటివి."

"అక్కడ బండి మారుతది. టైం పడ్తది."

"నడ్సుకుంట వచ్చినా ఈపాటికి కాజీపేట దాటుతుండె" అని చేట కొట్టింది.

గోడవారన బట్ట ముక్కల మూట పెరుగుతోంది. పక్కింటావిడ పసుపుపచ్చ రైక ముక్క, ఎదురింట్లో కొత్తకోడలి ఎర్ర ముక్క, ఒక్కోదాని మీద కొలతల చీటీ. పండుగ నాటికి కుట్టకపోతే ఆ ముక్కలన్నీ తిరిగి దర్జీ దగ్గరికి పోతాయి. మళ్లీ ఏ ఆడమనిషీ ఆమె చేతికి బట్ట ఇవ్వదు. ఆ మూట చూడకుండా ఉండటానికి నేను ఇంట్లో గోడకు వీపు తిప్పి కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

కంపెనీకి రాశాను. ఒకే ఒక్క ఉత్తరం అన్నాను కదా, పదకొండు రాశాను. మొదటి రెండింటిలో క్షేమం అడిగాను. మూడో దాంట్లో కోపం. నాలుగు నుంచి కోర్టు, పోలీసు, నాకు తెలిసిన ఎమ్మెల్యే. నాకు ఏ ఎమ్మెల్యే తెలియదు. వణికింది ఎవరయ్యా అంటే నేనే, ప్రతి సాయంత్రం ఇంటి మలుపు దగ్గర.

ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. కంపెనీ జవాబు ఇచ్చింది. నా మూడో ఉత్తరానికే దుకాణం చిరునామాకు ఒక కార్డు వచ్చింది. అయ్యా, మీ మనియార్డరు రసీదు నంబరు, తేదీ తెలియజేయండి, చూస్తాం అని రెండు వరుసలు. అంతకన్నా మర్యాద ఏముంటుంది? కానీ రసీదు సూదుల డబ్బాలో ఉంది. ఆ రసీదు కావాలని ఆమెను అడిగితే మిషను నాగపూర్‌లో లేదని ఒప్పుకోవాలి. కార్డు మడిచి చొక్కా జేబులో పెట్టి, నాలుగో ఉత్తరంలో ఎమ్మెల్యేను దింపాను.

ఆ చొక్కాను ఉతకడానికి వేసిన రోజు నా కథ అయిపోయింది. ఆమె జేబులోని కార్డు తీసి అరుగు మీద పెట్టి, దాని మీద ఒక చిన్న రాయి పెట్టి, నేను వచ్చేదాకా కూర్చుంది.

"ఇది ఎప్పటిది?"

మొన్నటిది అన్నాను.

"ముద్ర మీద పోయిన నెల అంకె ఉన్నది. ఇంగ్లీషు రాదు గాని అంకెలు నాకొస్తయ్. నన్నెందుకు అడుగలే రసీదు?"

"అడిగితే మిషను రైల్ల లేదని నీకు తెలుస్తది గద."

"నాకు ఇటార్సీ కాడనే తెల్సింది" అన్నది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

మర్నాడు ఆమె ఆ కార్డు, సూదుల డబ్బాలోని రసీదు తీసుకుని పోస్టాఫీసుకు పోయింది. నా దస్తూరి మెచ్చుకున్న గుమాస్తాయే కౌంటరులో ఉన్నాడు. ఆమె చెబుతుంటే అతను ఒక పోస్టుకార్డు మీద ఇంగ్లీషులో నాలుగు వరుసలు రాశాడు. నంబరు, తేదీ, ఎంత పంపామో, ఎక్కడికి తిరిగి పంపాలో. మిషను వద్దు, పైసలు పంపండి. అంతే. క్షేమం లేదు, వానలు లేవు. నాకు చూపిస్తే, ఇట్లా మొరటుగా రాస్తే ఎవరు పంపుతారు అని నవ్వాను కూడా.

మూడు వారాలకు పోస్ట్‌మన్ సైకిలు మా ఇంటి ముందు ఆగింది. మనియార్డరు నా పేరనే వచ్చింది, పంపింది నేనే కదా. సంతకం నేను పెట్టాను, నోట్ల కోసం చాచిన చెయ్యి ఆమెది. నా చేతిలో పెట్టించారని మొదట్లో రాసింది నిజమే. అది అక్కడ ఎంతసేపు ఉందో రాయలేదు.

పోస్ట్‌మన్ కూపన్ చించి ఇస్తూ, ఇంగ్లీషు కదా అని తనే చదివి అర్థం చెప్పాడు. అప్పటికి చుట్టుపక్కల ఆడవాళ్లు నలుగురు చేరారు.

"మీ కాడ వానలు పడ్డయని అనుకుంటున్నం. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గిందనుకుంటున్నం. ఈ పైసలు దేనికి పంపిండ్రో కూపన్ మీద రాయకపోతిరి, పేరు గూడ లేకపోయె. ఎవరన్న అడుగుతరని పక్కకు పెట్టినం."

అదీ సంగతి. రెండు వేళ్ల వెడల్పు కూపన్‌లో క్షేమం రాశాను, వానల సంగతి రాశాను, అమ్మ మోకాలు రాశాను. సరుకు దగ్గరికి వచ్చేసరికి జాగా అయిపోయింది. పేరు ఫారం మీద ఉంది కదా అనుకున్నాను. ఆ ఫారంలో కంపెనీకి దక్కేది కూపన్ ఒక్కటేనని నాకు తట్టలేదు. ఢిల్లీలో ఎవరో పుణ్యాత్ముడు ఎవరిదో తెలియని డబ్బును, ఎవరి తల్లిదో తెలియని మోకాలిని జాగ్రత్త చేసి ఉంచాడు. నేను అతని మీదికి పోలీసులను పంపుతున్నాను.

ఆమె అప్పుడు మొదటిసారి నవ్వింది. పండుగకు ఇంకా పన్నెండు రోజులు ఉండగా మేము స్టేషన్ రోడ్డుకు వెళ్లి మిషను కొన్నాం. నేను దాన్ని భుజాన ఎత్తుకుని మట్టెవాడ దాకా నడిచి వచ్చాను. సద్దుల బతుకమ్మ నాడు ఆమె కుట్టిన జాకెట్లు వాడంతా తిరిగాయి. తప్పు నాదే అయినా, చివరికి ఇంటికి మిషను తెచ్చింది నేనే గనుక లెక్క సరిపోయిందని నా నమ్మకం.

ఇంత వరకు రాసి, ఆమెకు చదివి వినిపించాను. ఇప్పటికీ ఆ మిషను కిటికీ దగ్గరే ఉంది. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ విన్నది, మధ్యలో ఎక్కడా ఆపలేదు. అయ్యాక దారం కొరికి అన్నది:

"మిషను రిక్షాల వచ్చింది, నేను పట్టుకొని కూసున్న. నువ్వు తెచ్చింది కత్తెర. అది గూడ నా పైసలతోనే."