కండక్టరమ్మ పెట్టిన కూరగాయల రూలు

ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన ఆవిడను వీధి మొత్తం కండక్టరమ్మ అనే పిలిచేది. కిక్కిరిసిన బస్సులో చివరి సీటువాడిక్కూడా వినబడే గొంతు ఆవిడది. కానీ ఆవిడకు గొంతు కంటే పళ్ళంటేనే ఎక్కువ గర్వం. అరవై దాటినా సోడాసీసా మూత పంటితోనే తీసేది. అదీ పనిగట్టుకుని నలుగురూ చూస్తుండగా తీసేది.

అలాంటి మనిషికి ఒక ఆదివారం ఎముక కొరుకుతుంటే నోట్లో పటుక్కుమంది. ఎముకే విరిగిందనుకుంది. కాదు. మర్నాడు కళ్ళు చూపించుకొస్తానని ఇంట్లో చెప్పి పళ్ళ డాక్టరు దగ్గర తేలింది. రెండు దవడల్లోనూ విరిగినదీ పుచ్చినవీ కలిపి ఆయన అయిదు పళ్ళు పీకేసి, చిగుళ్ళు గట్టిపడ్డాక మూడు నెలలకు కొత్తవి కడతాననీ, అంతదాకా మెత్తటివే తినమనీ చెప్పాడు. బుగ్గ వాచిందేమని కొడుకు అడిగితే దోమ కుట్టిందంది.

రెండు రోజులు మాంసం ముక్కల్ని మనవరాలి కంచంలోకి నెడుతూ నెట్టుకొచ్చింది. మూడో రోజు ఆ పిల్ల, “నానమ్మా, నీకు కూర నచ్చలేదా?” అని అందరి ముందూ అడిగేసింది. ఇక లాభం లేదనుకుని నాలుగో రోజు కంచాల ముందు కూర్చోగానే కండక్టరమ్మ గొంతు సవరించుకుంది.

“ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో రాత్రి భోజనంలో మాంసం ఉండదు. ఆదివారం ఒక్కటే మినహాయింపు.”

కొడుకు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అతను లిఫ్టు మెకానిక్కు. ఎందుకమ్మా అన్నాడు.

“నీ పొట్ట చూసుకున్నావా? రిపేరుకని నువ్వెక్కితే బాగున్న లిఫ్టు కూడా ఆగిపోయేలా ఉంది.”

అతను దిక్కుతోచక భార్య వైపు చూశాడు. టైలరింగ్ షాపులో పొద్దంతా మెషీను మీద వంగి వచ్చిన కోడలు, అత్తయ్య చెప్పింది సబబే అని వెంటనే ఒప్పేసుకుంది. అత్తాకోడళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. అతను హడలిపోయాడు.

ఆదివారాల సంగతి కండక్టరమ్మ వేరుగా చూసుకుంది. తన బస్సు నడిపిన డ్రైవరుగారికి ఒంట్లో బాగాలేదనీ, పలకరించి రావాలనీ చెప్పి బయల్దేరేది. ఆయన నిక్షేపంలా ఉన్నాడు, కాకపోతే నోట్లో ఒక్క పన్నూ లేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని జావ తాగుతూ పాత ఇన్‌స్పెక్టర్లను తిట్టుకునేవారు.

మిగతా రాత్రులు గుమ్మడికాయ, ఉడికిన చిక్కుడుగింజలు, బంగాళదుంపలు, పుట్టగొడుగులు. మొదటి వారం కొడుకు ఎవరో పోయినట్టు మొహం పెట్టుకుని తిన్నాడు. రెండో వారం మారు వడ్డించుకున్నాడు. మూడో వారం పుట్టగొడుగుల గిన్నె అడుగు కోసం కూతురితో పోట్లాడాడు. అబద్ధం చెప్పానన్న గిల్టుతో కూరలు తరిగే పని కండక్టరమ్మ తనే నెత్తిన వేసుకుంది.

రెండో నెల నుంచి కోడలి వంట వింతగా తయారైంది. ఒకరోజు క్యారెట్లు సగమే ఉడికాయి. ఇంకోరోజు కాల్చిన మొక్కజొన్న కండెలు కంచంలోకి వచ్చాయి. కండక్టరమ్మ కత్తి తెప్పించుకుని గింజలు ఒలిచి, నమిలినట్టు దవడలాడించి, గుటుక్కున మింగింది. కండెను కొరుక్కు తినడం మర్యాద కాదని మనవరాలికి బుద్ధి కూడా చెప్పింది. కోడలు తల వంచుకుని గ్లాసెడు నీళ్ళు తాగింది.

చివరికి కొత్త పళ్ళు వచ్చాయి. కండక్టరమ్మ డాక్టరు దగ్గర్నుంచి నేరుగా మాంసం కొట్టుకు వెళ్ళి, కిలో కొట్టించి తెచ్చి వంటగట్టు మీద పెట్టింది.

“ఇవాళ బుధవారం అత్తయ్యా,” అంది కోడలు.

“వాడి పొట్ట తగ్గింది కదమ్మా. రూలు పెట్టిందీ నేనే, తీసేసేదీ నేనే.”

కోడలు అలా కుదరదని అందర్నీ పిలిచింది. ఇప్పుడు ఆరో అంతస్తుకు మెట్లెక్కినా ఆయాసం రావడం లేదు, మళ్ళీ మొదటికి తేవద్దన్నాడు కొడుకు. పుట్టగొడుగులు మానితే అన్నం తిననంది మనవరాలు. వాళ్ళిద్దరూ అవతలికి వెళ్ళాక కోడలు దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

“పళ్ళు బాగా అమిరాయి అత్తయ్యా. మొక్కజొన్న రోజునైనా చెబుతారేమో అనుకున్నాను.”

పళ్ళ డాక్టరుగారి భార్య బ్లౌజులు కుట్టించుకునేది కోడలి షాపులోనేనట. కండక్టరమ్మ రూలు పెట్టిన మర్నాడే, మీ అత్తగారి చిగుళ్ళు ఎలా ఉన్నాయని అడిగిందట.

కండక్టరమ్మ చెవులు వేడెక్కాయి. “అయితే ఆ క్యారెట్లు?”

“కావాలనే.”

“మూడు నెలలు నా చేత కూరలు తరిగించావు.”

“తరుగుతానని మీరే కదా కత్తిపీట లాక్కున్నారు.”

కోపం తెచ్చుకోవాలని కండక్టరమ్మ గట్టిగానే ప్రయత్నించింది, రాలేదు. మూడు నెలల్లో మొదటిసారి నోరంతా తెరిచి పకపకా నవ్వింది. ఆ నవ్వుకు కోడలు కూడా గట్టుకు చేరగిలబడి నవ్వేసింది.

బేరం కుదిరింది. ఆదివారంతో పాటు బుధవారం కూడా మాంసం ఉంటుంది, మిగతా అయిదు రాత్రులూ కూరగాయలే. బుధవారం వంట మాత్రం కండక్టరమ్మదే. ఆ రాత్రి ఆవిడ చేతి కూరలో ఉప్పు బాగా ఎక్కువైంది. కొడుకు రెండుసార్లు నీళ్ళు నింపుకున్నాడు. మనవరాలు మాత్రం, రేపు గురువారమే కదా అని తల్లిని నెమ్మదిగా అడిగింది.