బార్కర్ లైన్ మామ్మ

పోయిన మంగళవారం ఉదయం నేను రాయ్‌పూర్‌లోనే మోవా వైపు, పాఠాలు చెప్పే స్కూలుకి బయల్దేరుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "మామ్మ ఎల్లిపోయిందే" అంది. టీ తాగిందట. గ్లాసు కడిగి బోర్లించిందట. కాసేపు నడుం వాలుస్తానని మంచం మీద పడుకుందట. తర్వాత పిలిస్తే పలకలేదు. చివర్న అమ్మ అన్న మాట మాత్రం ఇదీ: "తన ఇంట్లోనే పోయిందే. అదే సాలు."

ఫోన్ పెట్టేశాక నాకూ ముందు ఏడుపు రాలేదు. గుండెల్లోంచి పెద్ద ఊపిరి ఒకటి బయటికొచ్చింది. ఆవిడ బతుకంతా ఒక్క దానికే భయపడింది. అది జరక్కుండానే వెళ్లిపోయింది.

ఆవిడ నాకు రక్తసంబంధం కాదు. రాయ్‌పూర్‌లో రైలు పట్టాల పక్కన మేమున్న వీధిలో అందరికీ మామ్మే. శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు పల్లె నుంచి భర్త వెంట వచ్చింది. ఆయన ఉర్లా ఫ్యాక్టరీల్లో ఇనుము మోసేవాడు, నేను పుట్టకముందే పోయాడు. ఆ తర్వాత మామ్మ ఎండుచేపలు అమ్ముకుని బతికింది. ఊరి నుంచి ఎవరో ఒకరు రైల్లో గోనెసంచులు తెచ్చేవారు. వాటిని ఇంటి ముందు మళ్లీ ఎండబెట్టి, బుట్టకెత్తుకుని బీర్‌గావ్ దాకా నడిచేది. చేపని కొనేవాళ్ల ముక్కు దగ్గర పెట్టి "సూంఘో, సూంఘో" అనేది. వాసన చూడకుండా డబ్బులు తీసేవాళ్లకి ఇచ్చేది కాదు. "కంటికి ఉప్పు కనబడదే గుంటా, ముక్కుకి కనబడతాది" అనేది నాతో. ఇప్పటికీ బజార్లో ఏ కూరగాయ కొన్నా ముందు వాసన చూస్తాను. పక్కవాళ్లు నవ్వుతారు.

మా వీధి పేరు అప్పట్లో బార్కర్ లైన్. ఆ బార్కర్ ఎవరో ఇంగ్లీషు ఇంజనీరట, ఇక్కడ పట్టాలు వేయించాడట. ఆయన ముఖం చూసినవాళ్లు ఎవరూ బతికి లేరు. కానీ మా శుభలేఖల మీద, ఊరి నుంచి వచ్చే కార్డుల మీద ఆయన పేరే. మామ్మకి ఆ దొర మీద ఎంత గురి అంటే, చేపల బుట్ట ఎత్తుకునేటప్పుడు దేవుడితో పాటు ఆయన్నీ ఒకసారి తలుచుకునేది.

"ఎందుకు మామ్మా?" అని అడిగితే చెప్పింది. "దొర సచ్చిపోనాడు. తన జాగా తనకిమ్మని అడగడానికి రాడు. ఈ ఈదికి ఆడి పేరున్నంతకాలం మనల్నెవుడూ కదపలేడు. అదే సర్కారు పేరెట్టిందనుకో, సర్కారొచ్చి అడుగుతాది."

మా ఎవరి దగ్గరా పట్టా లేదు. ఆ దొర పేరే మా పట్టా అని ఆవిడ నమ్మకం. పెద్దవాళ్లందరూ ఇంచుమించు అలాగే నమ్మేవారు. దానికి కారణం ఉంది. ఇక్కడికి రాకముందు మా తెలుగు కుటుంబాలన్నీ పట్టాల వెంట ఇంకో చోట గుడిసెల్లో ఉండేవి. ఒకరోజు ఎవరో వచ్చి తలుపుల మీద నంబర్లు వేశారు, నీలం బోర్డు ఒకటి పాతారు. అందులో ఏముందో చదివే మనిషి ఒక్కరూ లేరు. దాన్ని చూసుకుంటూ పనులకి వెళ్లొచ్చారు. కొన్నాళ్లకి, అందులో రాసిన తారీకుకే, బుల్‌డోజర్ వచ్చింది. ఆరోజు మామ్మ పొయ్యి మీద అన్నం ఉడుకుతోందట. "బోర్డు ముందొస్తాది, బుల్‌డోజరు ఎనకాతలొస్తాది" అని ఆవిడ అంటుంటే అది మాకు సామెతలా అలవాటైపోయింది.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా వీధికి బోర్డు వచ్చింది.

ఛత్తీస్‌గఢ్ విడి రాష్ట్రమై అప్పటికి కొన్నేళ్లయింది. ఊళ్లో చౌక్‌లకీ వీధులకీ పేర్లు మారుతున్నాయి. బానిసత్వం నాటి పేర్లు పోవాలని బడిలో మా హిందీ టీచరు చెప్పేవారు, మేం చప్పట్లు కొట్టేవాళ్లం. ఆ చప్పట్లు మా వీధిదాకా వస్తాయని నేననుకోలేదు. జనవరి ఇరవై ఆరుకి రెండ్రోజుల ముందు, నేను బడిలో కవాతు నేర్చుకుంటుంటే, మున్సిపాలిటీ మనుషులు వచ్చారు. వీధి మొదట్లో ఇనుప స్తంభానికి నీలం బోర్డు వైరుతో కట్టారు. అంతటితో పోయినా బాగుండేది. తలుపు తలుపుకీ నంబర్లు కూడా వేశారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ గిన్నెలు మూటకడుతోంది. నాన్న ఉర్లా నుంచి ఇంకా రాలేదు. నాకు బోర్డు చూడాలనిపించింది గానీ, "బయటికెల్లకు" అని అమ్మ కసిరింది. మర్నాడు తెల్లారి లేచేసరికి స్తంభం ఖాళీగా ఉంది.

వీధి చివర ఛత్తీస్‌గఢీ కాకా ఒకాయన ఉండేవాడు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మామ్మ దగ్గర ప్రతి వారం చేపలు కొనేవాడు. ఆయన చిన్నాన్న తెల్లవాళ్ల కాలంలో జైలుకెళ్లి అక్కడే చనిపోయాడు. వీధి పేరు మార్చమని ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆ కాకానే. ఖాళీ స్తంభం చూసి ఆయన అక్కడే రాయి మీద కూలబడ్డాడు. కేకలు వేసింది ఆయన వైపు కుర్రాళ్లు. "తెలుగువాళ్లే తీసుంటారు" అన్నారు. కౌన్సిలరు మనిషి మోటార్‌సైకిలు మీద వచ్చి, రేపు జెండా ఎగరేసేలోగా బోర్డు దొరక్కపోతే పోలీసుల్ని పిలుస్తాననీ, ఈ లైన్లో ఎవరి దగ్గర ఏ కాగితముందో అదీ చూస్తాననీ చెప్పి పోయాడు. ఏది రాకూడదని ఎవరో బోర్డు తీశారో, అదే ఇప్పుడు మా గుమ్మం దాకా వచ్చింది.

అమ్మ నన్ను మామ్మ ఇంటికి పంపింది, ఆవిడ మూట కట్టుకుందో లేదో చూసి రమ్మని. వెనకవైపు రేకుల నీడలో మామ్మ కూర్చుని కాకుల్ని తోలుతోంది. చేపలు ఎప్పుడూ పాత గోనె మీద ఎండేవి. ఆరోజు నున్నటి నీలం రేకు మీద ఉన్నాయి.

"మామ్మా! ఇదేటి?"

"అరవకే. సేపల కత్తితో వైరు కోసీసినాను. సూడు, ఎండ ఎంత బాగా కాత్తందో దీని మీద." నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. చేపలు పక్కకి నెట్టి బోర్డు తిప్పింది. "సదువు. ఎప్పుడు ఎల్లమన్నాడు?"

చదివాను. శహీద్ మార్గ్ అని ఉంది.

"ఎల్లమనలేదు మామ్మా. పేరు ఇది. మన వీధికి పేరు. దేశం కోసం చచ్చిపోయినవాళ్ల వీధి అని."

"పేరేనా?"

"పేరే."

"తారీకు లేదా?"

"లేదు."

"కిందన సిన్నచ్చరాలున్నాయి కాదేటి? అయి సదవ్వేం? సిన్నచ్చరాల్లోనే ఉంటాది అసలు సంగతి."

కింద వార్డు నంబరు, మున్సిపాలిటీ పేరు ఉన్నాయి. చదివి వినిపించాను. ఒట్టు పెట్టమంది, పెట్టాను. మళ్లీ చదవమంది. నేను చదువుతుంటే నా నోరే చూస్తూ ఉంది. చివరికి కొంగుతో బోర్డు మీది ఉప్పు తుడిచింది. "ఓలమ్మా, సచ్చిపోయినోల్ల పేరు మీద సేపలెండబెట్టినాను" అంది. అప్పటికే లేచి నిలబడింది.

"ఎక్కడికి?"

"కాకా కాడికి. నువ్వూ రా. నా హిందీ ఆడికి సగమే అర్థమవుద్ది."

దాచిపెట్టి రాత్రికి కట్టేయొచ్చు కదా అన్నాను. "ఆ మడిసి రాయి మీద కూకున్నాడే. నాను సూసినాను" అంది. అంతే. బోర్డు నెత్తిన పెట్టుకుని, రోజూ చేపల బుట్ట ఎత్తుకెళ్లినట్టే, వీధి మధ్యలోంచి నడిచింది. వెనక నేను. తలుపుల సందుల్లోంచి అందరూ చూస్తున్నారు.

కాకా ఇంకా రాయి మీదే ఉన్నాడు. మామ్మ బోర్డు దించి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. "కాకా, హమ్ నికాలా. కోయీ ఔర్ నహీఁ, హమ్. మార్‌నా హై తో మారో." తీసింది నేనే, కొడితే కొట్టు అని.

"యే కా కరే దాయీ?" అన్నాడాయన. ఏం పని చేశావమ్మా అని. కోపం కన్నా నొప్పి ఎక్కువగా ఉంది ఆ గొంతులో. మామ్మ తన హిందీలో మొదలుపెట్టింది. పాత చోటు, బోర్డు, నంబర్లు, పొయ్యి మీద అన్నం. మాటలందనప్పుడు చేతులతో బుల్‌డోజర్ చూపించింది. దొర సంగతీ చెప్పింది, ఆయన పేరుంటేనే మాకు నీడ అని. అది మాత్రం నేనే హిందీలో చెప్పాల్సి వచ్చింది.

కాకా బోర్డు మీది అక్షరాల్ని వేలితో తడిమాడు. తర్వాత నన్ను చూస్తూ, ఆవిడకి చెప్పమన్నట్టుగా అన్నాడు: "ఆ బార్కర్ పట్టాలు వేసిన చోట మా తాతల గుడిసెలుండేవి బిటియా. మా నాయనమ్మ చెప్పేది. ముందు సాహెబు బోర్డు పెట్టించాడు. తర్వాత ఏనుగుల్ని తెచ్చి గుడిసెలు పడగొట్టించాడు. మా చిన్నాన్నకి ఆ దొరతనం మీద మొదటి కోపం అక్కడే పుట్టింది."

నేను తెలుగులో చెప్పాను. మామ్మ నేల మీద కూర్చుండిపోయింది.

"అయితే ఆ దొరా అలాటోడేనా?" అంది.

ఆ ముఖం నాకు బాగా గుర్తు. ఇన్నేళ్లు దండం పెట్టిన రాయి తన తలుపుకే అడ్డం పడిందని తెలిసిన ముఖం అది. కాకా మెత్తబడ్డాడు. "దాయీ, నా ఇల్లూ ఈ నేల మీదే ఉంది. నా ఇంటి మీదికి నేనే బుల్‌డోజర్ పిలుచుకుంటానా?"

"మరి ఆ నంబర్లు?" అని నేనడిగాను.

"ఇంటిపన్నుకి. ఇకనుంచి అందరూ పన్ను కట్టాలట."

తెలుగులో చెప్పగానే మామ్మ తలెత్తింది. "పన్నా? మన కాడ పన్నడుగుతారా?" వెనక్కి తిరిగి, తలుపుల సందుల్లో ఉన్నవాళ్లందరికీ వినబడేలా అరిచింది. "ఓలే, మూటలిప్పీండే! పన్ను కట్టాలట! ఎల్లగొట్టీవోడు పన్నడగడే!"

పన్ను కట్టాలని తెలిసి జనం అంత సంబరపడడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. మా అమ్మ మూట విప్పుతూ ఏడ్చింది, నవ్వింది.

కాకా ఇంటికెళ్లి పాత స్పానర్ తెచ్చాడు. మామ్మ బోర్డు పట్టుకుంది. "జోర్ సే కాకా, జోర్ సే" అని ఆవిడ అంటుంటే ఆయన బోల్టులు బిగించాడు. సాయంత్రం కౌన్సిలరు మనిషి వస్తే, వైరుతో కట్టింది ఊగుతోందని తనే దించి గట్టిగా బిగించానని కాకా చెప్పాడు. మర్నాడు దండ వేసేటప్పుడు ఆ మనిషి ముక్కు చిట్లించి "ఇదేం వాసన?" అన్నాడు. "రైలు పట్టాల పక్కన ఏ వాసనైనా వస్తుంది బాబూ" అన్నాడు కాకా. మామ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ వేసవికి నన్ను బడి మాన్పించాలని నాన్న అనుకుంటున్నాడు. ఏడు చదివింది, ఆడపిల్లకి చాలదా అని. మామ్మ మా గుమ్మంలో కూర్చుని నాన్నని చెడామడా తిట్టింది. "మనందరిలో సిన్నచ్చరాలు సదివేది ఇదొక్కర్తే. దీన్ని బడి మాన్పించీసి నువ్వు సదువుతావేటి, మొగోడా?" నాన్న నవ్వేశాడు. మా ఇంట్లో మొదట చదువుకున్నది నేను. ఇవాళ పిల్లలకి పాఠం చెబుతున్నానంటే ఆ తిట్ల పుణ్యమే. ఈ నాలుగు ముక్కలు మీ ముందు పెట్టడానికి కారణం కూడా అదే. ఆ రుణం తీర్చే దారి నాకింకేదీ తెలియదు.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపుతాను. అప్పటిదాకా మా లైన్లో ఎవరికీ ఇటుక గోడ లేదు. రేకులు, టార్పాలిన్లు, పాత తలుపులు, వీటితోనే ఇళ్లు. తీసుకుపోవడానికి వీలుగా ఉండాలని. ఆ ఎండాకాలం మొదట్లో ఉర్లా వైపు నుంచి ఒక ట్రాక్టర్ బూడిద ఇటుకలు తెచ్చి మామ్మ ఇంటి ముందు దించింది. మేస్త్రీ ఒక్క గోడే కట్టాడు, పడమటి గోడ. వారంపాటు తడపమని చెప్పి వెళ్లాడు. మామ్మ నెల దాటినా తడుపుతూనే ఉంది. పొద్దు వాలే వేళ బక్కెట్టు పక్కన పెట్టుకుని, చెంబుతో పైనుంచి పోసేది. పగలంతా కాలిన ఇటుక ఆ నీళ్లు పీల్చుకుంటూ సన్నగా బుసబుసమనేది. నేను ఏదో చెప్పబోతే వేలు పెదాల మీద పెట్టి ఆపేది. తర్వాత తడి గోడకి చెంప ఆనించి, కళ్లు మూసుకుని, అది నీళ్లు తాగుతున్న చప్పుడు వినేది.