దిండు కింద బిస్కెట్లు

ఈ రాత్రి పాప మొదటిసారి పాలకు లేవకుండా పడుకుంది. నాకే నిద్ర పట్టక, దాని పొట్ట మీద ఒక చేయి వేసి ఊపిరి చూసుకుంటూ, రెండో చేత్తో ఇది రాస్తున్నాను. మారేడ్‌పల్లిలోని ఈ గదిలోనే, ఈ మంచం మీదే, కిందటేడు కడుపుతో ఉన్నప్పుడు ఎడమ పక్కకు తిరిగి, గోడ మీద ఊగే కొమ్మల నీడలు చూస్తూ ఎన్ని రాత్రులు గడిపానో!

ఏడో నెలలో షుగరుందని తేలి, రాత్రిపూట ఇన్సులిన్ వేసుకోమన్నారు. నిద్రలో షుగరు పడిపోకుండా చూసుకోమని డాక్టరమ్మ అన్న మాట ఒక్కటే నా చెవిలో ఉండిపోయింది. నేను నిద్రపోతే లోపల పాప కదలడం మానేస్తుందేమో, నాకు తెలియకుండానే తెల్లారిపోతుందేమో అన్న భయంతో మెలకువగా ఉండి తన్నులు లెక్కపెట్టేదాన్ని. మూడింటప్పుడు దిండు కింది నుంచి ఉస్మానియా బిస్కెట్ తీసి, మా ఆయనకు చప్పుడు వినపడకుండా నోట్లోనే నానబెట్టుకుని తినేదాన్ని. పరగడుపున షుగరు ఎక్కువ వచ్చేది, డాక్టరమ్మ డోసు పెంచేవారు, డోసు పెరిగిందని నేను రెండో బిస్కెట్ దాచుకునేదాన్ని. నిద్ర పడుతోందా అని అడిగితే మాత్రం హాయిగా పడుతోందనేదాన్ని.

నన్ను పట్టించినవి చీమలు. మౌలాలి నుంచి నాకు తోడుగా వచ్చిన అత్తమ్మ, బళ్లో టీచరుగా చేసి రిటైరైన మనిషి, ఒక ఉదయం దుప్పటి దులుపుతూ ఆగిపోయింది.

"ఏందమ్మా, చీమలకు దావత్ ఇస్తున్నవా?"

నవ్వబోయి ఏడ్చేశాను. అంతా విని, తిట్టకుండా, ఆ రోజే డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టి నాచేత నిజం చెప్పించింది. పడుకునే ముందు ఏం తినాలో డాక్టరమ్మ చెప్పారు, డోసూ తగ్గించారు. ఆ రాత్రి అత్తమ్మ తన కొడుకును హాల్లోకి పంపి, ప్రార్థన చేసుకుని, నా పక్కన చేరి పొట్ట మీద చేయి వేసింది.

"జెర కండ్లు మూస్కో బిడ్డా. లెక్క నేను పెడ్త. తన్నకపోతే లేపుత."

దూరంగా స్టేషన్ వైపు నుంచి రైలు కూత, ఆ చేతి వెచ్చదనం, నీళ్లలోకి మెల్లగా దిగినట్టు ఎన్నాళ్లకో వచ్చిన నిద్ర. తెల్లారి ఎన్నిసార్లు తన్నిందని అడిగితే, "పదకొండు" అంది. మర్నాడూ పదకొండే. పురుడొచ్చేదాకా రోజూ పదకొండే.

పాపకు మూడో నెల రాగానే అత్తమ్మ మౌలాలి వెళ్లిపోయింది. ఇప్పుడు మంచం పక్కనున్న ఉయ్యాల మీద కెమెరా ఉంది, పాప కదిలితే నా ఫోను మోగుతుంది, అది ఎన్నడూ అబద్ధం చెప్పదు, నన్ను నిద్రా పోనివ్వదు. పాప పొట్ట మీద నా చేయి బరువెక్కి కళ్లు వాలిపోతుంటే, అప్పుడు అత్తమ్మ చేయి కూడా నాతోపాటే నిద్రపోయి ఉంటుందని ఇవాళే తట్టింది. రేపు ఫోనులో అడగాలని ఉంది కానీ అడగను. పక్కన కూర్చుని "పదకొండు" అని చెప్పే మనిషి ఇప్పుడు ఈ గదిలో లేదు.