నాయనమ్మ దాచిన ఉత్తరం

మొన్న మా ఆయన గరాజ్‌లో సైకిల్ చైన్‌కి నూనె వేసి, ఆ నల్ల చేతులతోనే కరెంటు బిల్లు పట్టుకొచ్చాడు. కాగితం మూలన మరక చూసి, ఆ వాసన తగిలేసరికి నా గుండె జల్లుమంది. బిల్లు చూసి అనుకునేరు, కాదు.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లకు గండమని లోకమంతా హడలిపోతున్న రోజులవి. అమ్మా నాన్నా ఆఫీసులకి పోతే, ఈ పరాయిదేశంలో, హారిస్ పార్క్‌లోని మా యూనిట్‌లో, అంటే ఫ్లాట్‌లో, పదేళ్ళ నేనూ, నాయనమ్మా మిగిలేవాళ్ళం. ఎదురింట్లో కుసుమ ఆంటీ, సింహళావిడ, ఒంటరిగా ఉండేది. ఒక్కగానొక్క కొడుకు శ్రీలంక సైన్యంలో, అక్కడి అంతర్యుద్ధంలో ఉన్నాడు. సికాడా పురుగులు చెవులు గింగిర్లెత్తేలా అరిచే ఎండాకాలం సాయంత్రాల్లో ఆంటీ కొబ్బరిపాల పప్పూ, నాయనమ్మ పులిహోరా గిన్నెలు మారేవి. ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యలో నా ఇంగ్లీషే గతి.

ఒకరోజు ఆంటీకి శ్రీలంక నుంచి వచ్చిన ఉత్తరం పొరపాటున మా పోస్టు డబ్బాలో పడింది. కవరు మూలన నల్లటి మరక. మా గుంటూరు వైపు శుభలేఖ మూలలకి పసుపు రాస్తారు, చావు కబురుకి నలుపు.

"అయ్యో, ఆ పిల్లాడు పోయాడే! ఆ తల్లికి ఎట్టా చెప్పేదే? నాలుగురోజులు కడుపునిండా తిననీ. నువ్వు నోరెత్తావంటే చూడు!" అంది నాయనమ్మ. అలాంటి ఉత్తరం గడప దాటి లోపలికి రాకూడదని, బాల్కనీలో బట్టల క్లిప్పుల బుట్ట అడుగున దాచేసింది.

ఆ వారమంతా ఆంటీకి గారెలు, బొబ్బట్లు, పాయసం. ఆదివారం నాన్నని బతిమాలి కారు తీయించి, ఆవిడకి గుండెధైర్యం ఇమ్మని మొక్కడానికి ఆవిడనే హెలెన్స్‌బర్గ్ గుడికి తీసుకెళ్ళింది. ఆంటీ మాత్రం కొడుకు క్షేమంగా ఉండాలని మొక్కుకుందట. అది విన్నాక నావల్ల కాలేదు. మర్నాడు ఉత్తరం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టేశాను.

ఆంటీ వాసన చూసి పకపకా నవ్వింది. "గన్ ఆయిల్, డార్లింగ్! వీడెప్పుడూ చేతులు కడుక్కోడు." చదువుతూ చదువుతూ నవ్వు ఆపేసింది. ఆదివారం సెలవు మీద పట్నం వస్తున్నా, ఫోన్ చేస్తా, ఇంట్లోనే ఉండమ్మా, నీ గొంతు విని ఏడాదైంది అని రాశాడట. ఆ ఆదివారమే మేం గుళ్ళో ఉన్నాం.

సంగతి తెలిసి నాయనమ్మ ఆంటీ కాళ్ళ మీద పడబోతే ఆవిడ పట్టుకుంది. తిట్టినా బాగుండేది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం నాయనమ్మ ఆవిడింట్లో ఫోన్ పక్కన స్టూలేసుకుని కాపలా కూర్చునేది. ఏడో ఆదివారం మోగింది. ఆంటీ తనివితీరా మాట్లాడి రిసీవర్ నాయనమ్మకిచ్చింది.

"నాయనా, నీ ఉత్తరం దాచింది నేనేరా. ముసలిదాన్ని, క్షమించు. అన్నం తిన్నావా?"

అతనికి ఒక్క ముక్కా అర్థమై ఉండదు. ఏదో చెప్పాడు, అందులో 'అమ్మా' అన్నది మాత్రం మాకు తెలిసింది. నాయనమ్మ చిన్నపిల్లలా ఏడ్చింది.

ఇప్పుడు ఆ యూనిట్లు లేవు, నాయనమ్మ లేదు, ఉత్తరాలు అసలే లేవు. పోయినేడు కుసుమ ఆంటీ కూడా కన్నుమూస్తే, కొలంబోలో ఉన్న కొడుక్కి కబురు చెప్పాల్సింది నేనే అయింది. ఫోన్ చేతిలో పట్టుకుని గంటసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ గంటసేపూ అతనికి అమ్మ ఉంది.